చెక్క మానేసి యూరియా పెట్టొచ్చా? పొట్టేలు పిల్లల మేపులో అపోహలు - వాస్తవాలు

ప్రొటీన్ కోసం పెట్టే వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) రేటు పెరిగిన ప్రతిసారీ మా వింజమూరు వైపు పొట్టేళ్లు మేపేవాళ్ల నుంచి నాకొచ్చే ఫోను ఒకటే, "అన్నా, చెక్క బదులు యూరియా కలిపితే సరిపోద్దంట గదా?" అని. మొత్తం బదులుగా సరిపోదు. అలాగని యూరియా పెట్టడమే తప్పనీ కాదు.

అపోహ: యూరియాలో బోలెడు ప్రొటీన్ ఉంది.

వాస్తవం: ఒక్క గ్రాము కూడా లేదు. ఉన్నది 46 శాతం నత్రజని, దాన్ని 6.25తో గుణించి 287 శాతం ప్రొటీన్‌తో సమానమని లెక్క చెప్తారు, మనోళ్లు పడిపోయేది అక్కడే. ఆ నత్రజని పిల్లకు నేరుగా అక్కరకు రాదు, దాని పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో ఉండే సూక్ష్మజీవులకు వస్తుంది. లోపలికి పోగానే యూరియా అమ్మోనియాగా మారుతుంది, దాంతో అవి పెరుగుతాయి, తర్వాత అవే పేగుల్లోకి జారి పిల్లకు ప్రొటీన్‌గా అరుగుతాయి. కాకపోతే అదే సమయానికి వాటికి పిండిపదార్థం అందాలి, జొన్న నూకో మొక్కజొన్న నూకో బెల్లం మడ్డో ఏదో ఒకటి. ఎండాకాలం బీళ్లలో ఉత్త ఎండు పోచ కొరికొచ్చిన పిల్లకు యూరియా పెడితే ఆ అమ్మోనియా వాడకం లేక నెత్తుట్లోకి పోతుంది. ఆ సూక్ష్మజీవులకు గంధకం కూడా కావాలి కాబట్టి ఖనిజ లవణ మిశ్రమం మానొద్దు. మూడు నెలలు నిండని పిల్లలకైతే అసలు వద్దు, వాటి రూమెన్ ఇంకా తయారవుతూ ఉంటుంది.

అపోహ: చెంచా ఎక్కువైతే ఏం కాదులే.

వాస్తవం: అలవాటు లేని పిల్లకు కిలో బరువుకు 0.3 నుంచి 0.5 గ్రాములు ఒకేసారి పడితే విషమయ్యే ప్రమాదం ఉంది. పదిహేను కిలోల పిల్లకు లెక్కేసుకోండి, నాలుగున్నర నుంచి ఏడున్నర గ్రాములు. నేను దాణాలో ఒక శాతం దాటను, అంటే పావు కిలో దాణాకు రెండున్నర గ్రాములు, అదీ మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచుకుంటూ, రోజుకు రెండు పూటలుగా. నీళ్లలో కలిపి తాపడం, పచ్చి సోయా పిండితో కలపడం రెండూ చేయొద్దు, సోయాలో యూరియాను విరిచే ఎంజైము ఉంటుంది. మొదట్లో నా షెడ్డులోనే యూరియా గడ్డలు సరిగ్గా నలగలేదు, ఆకలి మీదున్న రెండు పిల్లలు దాణాలో ఆ గడ్డలున్న మూలే తిన్నాయి. అరగంటలో వణుకు, నోట్లో నురగ, ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. ఒకటే దక్కింది.

అపోహ: కడుపు ఉబ్బితే వంటసోడా తాపితే చాలు.

వాస్తవం: గింజలు ఎక్కువ తిని పొట్ట పులిస్తే సోడా పనికొస్తుంది. యూరియా ఉబ్బరానికి అదే తాపితే ఇంకా చేటు, ఎందుకంటే అక్కడ పొట్ట అప్పటికే క్షారంగా మారి ఉంటుంది. దీనికి కావలసింది వెనిగర్, చల్లటి నీళ్లు. పులుపు అమ్మోనియాను నెత్తుట్లోకి పోకుండా పట్టి ఉంచుతుంది, చల్లదనం యూరియా విరగడాన్ని నెమ్మది చేస్తుంది. డాక్టరుకు ఫోన్ చేసి పిల్లకు ఎంతో అడిగి నిదానంగా తాపండి, గొంతులో గుమ్మరిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అపోహ: యూరియా చల్లి మాగబెట్టిన వరిగడ్డి కూడా అంతే ప్రమాదం.

వాస్తవం: సరిగ్గా మాగితే కాదు. కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం వైపు నుంచి గడ్డి తెప్పించుకునేవాళ్లకు ఇదే మంచి దారి. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై లీటర్ల నీళ్లు, పొరలు పొరలుగా చల్లి తొక్కి, పట్టా గట్టిగా కప్పి 21 రోజులు. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టాలి.

అపోహ: అజొల్లా (నీళ్లపై పెంచే చిన్న మేత మొక్క) ఉంటే ఇవేవీ అక్కర్లేదు.

వాస్తవం: కిలో పచ్చి అజొల్లాలో 930 గ్రాములకు పైగా నీళ్లే. మిగిలిన పొడిలో పావు వంతు ప్రొటీన్ అనుకున్నా పదిహేడున్నర గ్రాములు మించదు.

ఒంగోలు వైపు వాళ్లు సుబాబుల్ ఆకు సంగతి అడుగుతుంటారు. మంచి ప్రొటీనే, కానీ అందులో వెంట్రుకలు ఊడగొట్టే మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది కాబట్టి మొత్తం మేతలో మూడో వంతు లోపే ఉంచండి. పిల్లకు వెంట్రుకలు ఊడుతుంటే ఇంజెక్షన్ కోసం పరిగెత్తే ముందు సుబాబుల్ ఎంత పెడుతున్నారో చూసుకోండి.