నీళ్లలో మునిగే తాళంకప్ప

తాళంకప్ప కొనేటప్పుడు ఎవరైనా మొదట చేత్తో పట్టుకుని బరువు చూస్తారు. తర్వాత పైన వంకీలా ఉండే కమ్మీ ఎంత లావుందో చూస్తారు. రంపానికి తెగకపోతే చాలు, సుత్తి దెబ్బకు పగలకపోతే చాలు అనుకుంటారు. గేటుకు వేసే తాళానికి ఈ లెక్క సరిపోతుంది. లంగరు గొలుసుకో, నీటి అడుగున బిగించిన పరికరాల పెట్టెకో వేసి నెలల తరబడి వదిలేసే తాళానికి సరిపోదు. అక్కడ దొంగ కంటే ముందు నీళ్లు పని మొదలుపెడతాయి. చివరికి తాళంచెవి చేతిలో ఉన్న యజమానే తాళం తీయలేక నిలబడాల్సి వస్తుంది. అందుకే నీళ్లలో వేసే తాళాన్ని దాని అన్నిటికంటే సన్నటి భాగాన్ని చూసి ఎంచుకోవాలంటాను.

ఆ సన్నటి భాగం బయటికి కనిపించదు. మామూలు తాళంకప్పలో తాళంచెవి దూరే దారి పొడవునా చిన్న చిన్న పిన్నులుంటాయి. ఒక్కో పిన్ను మీద ఒక్కో స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ తీగ వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. ఎనిమిది మిల్లీమీటర్ల కమ్మీని తుప్పు పైపైన అర మిల్లీమీటరు తినేసినా అది ఇంకా గట్టిగానే ఉంటుంది. స్ప్రింగ్‌ను అందులో సగం తిన్నా తాళం పని అయిపోయినట్టే. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అంటే ఉబ్బుతుంది. పిన్నుకూ దాని రంధ్రానికీ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది కాబట్టి, కొద్దిగా ఉబ్బినా పిన్ను బిగుసుకుపోతుంది. బయటికి తాళం బాగానే కనిపిస్తుంది, తాళంచెవి మాత్రం కదలదు.

మంచినీళ్లలో ఇదంతా నిదానంగా జరుగుతుంది. సముద్రంలో అలా కాదు. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, అందులో 19 గ్రాముల దాకా క్లోరైడే. స్టెయిన్‌లెస్ స్టీల్‌కు అసలు శత్రువు ఈ క్లోరైడ్. ఆ స్టీల్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోనో నీటిలోనో ఉన్న ఆక్సిజన్‌తో కలిసి పైన కొన్ని నానోమీటర్ల మందం పొర కడుతుంది. గీత పడితే పొర మళ్లీ దానంతటదే కట్టుకుంటుంది. కానీ అందుకు ఆక్సిజన్ అందాలి. ఇరుకు సందులో నిలిచిపోయిన నీటిలో ఆక్సిజన్ తొందరగా అయిపోతుంది. బదులుగా క్లోరైడ్ పోగై, ఆమ్లం పెరిగి, పొరకు చిల్లు పడుతుంది. మామూలుగా వాడే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ ఇక్కడే దెబ్బతింటుంది. 316 రకంలో రెండు మూడు శాతం మాలిబ్డినం అనే లోహం కలుపుతారు కాబట్టి అది మరింత కాలం తట్టుకుంటుంది. అయినా కమ్మీ కాలు తాళం ఒంట్లోకి దిగే చోట ఉండే సందులో 316కూ ప్రమాదం ఉంది. డబ్బా మీద ‘మెరైన్ గ్రేడ్’ (సముద్రానికి పనికొచ్చే రకం) అని చూసి నిశ్చింతగా ఉండిపోవద్దు. స్టీల్ రేకులను దొంతరగా పేర్చి రివెట్లు కొట్టి చేసే తాళాలైతే వద్దే వద్దు. ప్రతి రెండు రేకుల మధ్యా ఒక సందే.

రెండో ముప్పు, వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగలడం. దీనికి సముద్ర చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. 1761లో బ్రిటిష్ నౌకాదళం హెచ్ఎంఎస్ అలారమ్ అనే చెక్క ఓడ అడుగుకు రాగి రేకులు తొడిగింది, చెక్కను తొలిచే పురుగుల నుంచి కాపాడటానికి. రేకులను ఇనుప మేకులతో బిగించారు. రెండేళ్ల తర్వాత చూస్తే చాలాచోట్ల మేకులు తినేసుకుపోయి రేకులు ఊడిపోతున్నాయి. కొన్ని మేకులు మాత్రం బాగున్నాయి. పరిశీలిస్తే, రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం ముక్కలు ఆ మేకులకూ రాగికీ మధ్య ఇరుక్కుని ఉన్నాయి! ఆ కాగితం అడ్డు లేని చోట ఇనుము, రాగి, ఉప్పునీరు కలిసి బ్యాటరీలా పనిచేశాయి. అందులో కరిగిపోయేది ఇనుమే.

ఇత్తడి ఒంటికి గట్టి ఇనుప కమ్మీ తగిలించిన తాళాన్ని సముద్రంలో వేస్తే జరిగేదీ అదే. కమ్మీకి క్రోమ్ పూత ఉందిగా అనుకోవచ్చు. పూతలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి, దాడంతా ఆ రంధ్రాల కింది ఇనుము మీదే పడుతుంది. కరిగే లోహం చిన్నదై, పక్కనున్న లోహం పెద్దదైతే నష్టం మరీ వేగంగా ఉంటుంది. అందుకే ఇత్తడి ఒళ్లు, 316 కమ్మీ జత కొంత నయం. ఇక్కడ కరగాల్సింది ఇత్తడి, అది పెద్ద ముద్ద కాబట్టి నష్టం పలచగా పరుచుకుంటుంది. తాళాల్లో చాలామంది వేసే గ్రాఫైట్ పొడి కూడా ఉప్పునీటిలో ఈ బ్యాటరీకి తోడ్పడుతుంది. అది వేయకండి.

ఇత్తడికి సొంత జబ్బు ఒకటుంది. అది రాగి, జింక్ కలిసిన లోహం. ఉప్పునీరు జింక్‌ను మెల్లగా లాగేసుకుంటుంది. పసుపు రంగు పోయి గులాబీ ఛాయ మచ్చలు వస్తాయి. ఆకారం చెక్కుచెదరదు కానీ లోపల స్పాంజిలా గుల్లబారుతుంది. కంచుకు ఈ బాధ లేదు, అందులో రాగితో కలిసేది తగరం. 1901లో గ్రీసు దగ్గర ఆంటికిథెరా ఓడ శిథిలాల నుంచి పైకి తెచ్చిన ప్రాచీన గణన యంత్రం కంచుదే. సుమారు రెండు వేల ఏళ్లు సముద్రంలో పడి ఉన్నా, ఎక్స్‌రే చిత్రాల్లో దాని చక్రాల పళ్లు లెక్కపెట్టగలిగారు. ఆ చక్రాలను తిప్పడం మాత్రం కుదరదు, చిలుము పట్టి ముద్దకట్టుకుపోయాయి. లోహం మిగలడం వేరు, యంత్రం కదలడం వేరు. తాళానికి కావాల్సింది రెండోది.

అందుకని మంచినీళ్లకైతే ఇత్తడి ఒళ్లు, 316 కమ్మీ, తుప్పు పట్టని స్ప్రింగులు ఉన్న తాళం చాలు. సముద్రానికి కంచు ఒళ్లు దొరికితే అదే మేలు. వీలైతే పిన్నుల బదులు గుండ్రటి బిళ్లలతో పనిచేసే తాళం తీసుకోండి. 1907లో ఫిన్లాండ్‌లో ఎమిల్ హెన్రిక్‌సన్ కనిపెట్టిన పద్ధతి అది. తాళంచెవే బిళ్లలను తిప్పుతుంది కాబట్టి ఒక్కో బిళ్లకు ఒక్కో స్ప్రింగ్ అక్కర్లేదు, పాడయ్యే సన్నటి తీగలు ఆ మేరకు తగ్గినట్టే. ఎన్ని గంటల ఉప్పు జల్లు పరీక్షకు తట్టుకుందో రాసి ఉంటే, అది గాలిలో తుంపర చల్లి చేసిన పరీక్ష అని గుర్తుంచుకోండి. మునిగి ఉండటం వేరే సంగతి. రబ్బరు తొడుగు వానకు పనికొస్తుంది, నీటి అడుగున మాత్రం అది కూడా నీళ్లు నిలిచే సందే.

నీళ్లలో దించే ముందు తాళం లోపల నీటికి కొట్టుకుపోని గ్రీజు నిండా కూరండి. తాళంచెవి రంధ్రం కిందికి ఉండేలా వేలాడదీయండి, పైనుంచి దిగే మట్టి, ఇసుక లోపల పడవు. రెండు నెలలకోసారైనా తీసి, వేసి చూడండి. పైకి తెచ్చినప్పుడు ఉప్పునీరు ఆరిపోకముందే మంచినీళ్లతో కడిగి మళ్లీ గ్రీజు పెట్టండి. ఆరితే ఉప్పు పలుకులు సందుల్లోనే ఉండిపోతాయి.

కొన్న రోజునే అదే రకం తాళం ఇంకొకటి తెచ్చుకుంటే మంచిది. లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు చొప్పున కలిపిన బకెట్లో దాన్ని నెల రోజులు ఉంచండి. ఇది అసలు సముద్రం కాదు, అయినా బలహీనమైన తాళం చాలావరకు బయటపడుతుంది. తీశాక ముందు కమ్మీ కాలు ఒంట్లోకి దిగే చోట గోధుమరంగు గీత ఉందేమో చూడండి. తర్వాత ఇత్తడి మీద గులాబీ మచ్చల కోసం వెతకండి. ఆఖరున తాళంచెవి పెట్టి తిప్పండి.