ఓడ మురుగుకి లెక్కుంది, బోటు మురుగుకి లేదు

విశాఖ ఔటర్ హార్బర్‌లో ఆగిన పెద్ద సరుకు ఓడల్లో ఆయిల్ రికార్డ్ బుక్ అని ఒక రిజిస్టరు ఉంటుంది. ఇంజన్ రూమ్ అడుగున చేరే నూనె నీళ్ళని బిల్జి అంటారు. వాటిని ఎప్పుడు, ఎక్కడ, ఎంత వదిలారో అందులో రాయాలి. పని చేయించిన ఆఫీసరు సంతకం పెట్టాలి, పేజీ నిండాక కెప్టెన్ సంతకం పెట్టాలి, పుస్తకాన్ని మూడేళ్ళు దాచాలి. వదిలే నీటిలో నూనె 15 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 15 పాళ్ళు, దాటకూడదు. అదీ ఓడ నడుస్తుండగానే. తనిఖీకి ఓడ ఎక్కిన సర్వేయర్లు అడిగేవాటిలో ఈ పుస్తకం ఒకటి.

పక్కనే ఫిషింగ్ హార్బర్. అక్కడ మరబోటు ఇంజన్ గది పలకలు ఎత్తి చూస్తే అడుగున నల్లటి నీళ్ళు కనిపిస్తాయి. ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర ఊరే ఉప్పునీరు, కారిన డీజిలు, ఇంజన్ ఆయిలు, అన్నీ అందులోనే. వేటకి బయల్దేరే ముందు కళాసీ పంపు పెట్టి తోడేస్తాడు. జెట్టీ పక్కన నీటి మీద రంగురంగుల తెట్టు తేలుతుంది. దీనికి రిజిస్టరూ లేదు, సంతకమూ లేదు.

ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

1908 నాటి ఇండియన్ పోర్ట్స్ చట్టం రేవులో బల్లాస్టు (ఓడ నిలకడ కోసం అడుగున వేసుకొచ్చే బరువు), చెత్త పారెయ్యకూడదంది. అప్పటి దిగులు నీళ్ళ శుభ్రత గురించి కాదు, ఓడలు వచ్చే దారి పూడిపోతుందనే. విశాఖ ఇన్నర్ హార్బర్ 1933లో తెరుచుకుంది. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చిత్తడి నేలని తవ్వి, డాల్ఫిన్స్ నోస్ కొండ కింద సన్నటి కాలవ గుండా దారి ఇచ్చారు. తుపాన్లలో ఓడలకి ఇంతకంటే మంచి చోటు దొరకదు. కానీ ఇక్కడ ఆటుపోట్ల తేడా మామూలుగా రెండు మీటర్లు కూడా ఉండదు కాబట్టి, లోపల పడ్డ మురికి తొందరగా బయటికి పోదు.

ప్రపంచానికి ముందు పట్టింది నూనె గొడవే. 1954లో లండన్‌లో ఒక ఒప్పందం కుదిరింది. 1967లో టోరీ కాన్యన్ అనే ట్యాంకరు బ్రిటన్ తీరంలో రాళ్ళకి గుద్దుకుని, లక్ష టన్నులకి పైగా ముడిచమురు సముద్రం పాలయ్యాక ఆ ఒప్పందం చాలదని తేలింది. అలా 1973లో, 1978 సవరణతో, మార్పోల్ అనే ఓడల కాలుష్యం మీది అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. నూనె నిబంధనలు 1983లో అమల్లోకి వచ్చాయి. మనుషుల మురుగుకి సంబంధించిన నాలుగో అనుబంధం మాత్రం 2003 దాకా ఆగింది. ముప్పై ఏళ్ళు! నలిపి, క్రిమిసంహారం చేసిన మురుగయితే తీరానికి 3 నాటికల్ మైళ్ళు దాటాక, ఏమీ చెయ్యనిదయితే 12 మైళ్ళు దాటాక, ఓడ కనీసం 4 నాట్ల వేగంతో, అంటే గంటకి 4 నాటికల్ మైళ్ళు, పోతూ వదలాలి. ఇది వర్తించేది అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 400 టన్నులు, ఆపైన ఓడలకి, లేదా 15 మందికి మించి ఎక్కించుకునేవాటికి. స్నానాల, వంటింటి నీళ్ళ గురించి ఈ అనుబంధం మాట్లాడదు. యుద్ధనౌకలకి మార్పోల్ వర్తించదు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊళ్ళో ఇది చిన్న మినహాయింపేమీ కాదు.

ఏడెనిమిది మంది కళాసీలతో రోజుల తరబడి వేటకి పోయే సోనా రకం మరబోటు ఈ కొలతల్లో దేనికీ అందదు. చాలా బోట్లలో మరుగుదొడ్డే ఉండదు. నూనె, చెత్త నిబంధనలు కాగితం మీద చిన్న పడవలకీ తగులుతాయి గానీ, వాటికి ఆ రిజిస్టరు అక్కర్లేదు. 1974 నాటి నీటి కాలుష్య చట్టం మురుగు గొట్టమున్న ఫ్యాక్టరీని మనసులో పెట్టుకుని రాసినది.

ఒక మాట ఒప్పుకోవాలి. విశాఖ హార్బర్‌ని పాడుచేసినవాటిలో పెద్ద వాటా పడవలదని నేననుకోను. రిఫైనరీ 1957లో, ఎరువుల కర్మాగారం 1967లో వచ్చాయి, నగరం పెరిగింది, కాలవలన్నీ అటే తిరిగాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ 1970లలోనే హార్బర్ కాలుష్యం మీద పరిశోధన పత్రాలు రాశారు. అందుకే ‘ఊరి మురుగు వదిలేసి మా మీద పడతారా’ అని మత్స్యకారులు అడిగితే కొట్టిపారెయ్యలేం. అయితే జెట్టీల మధ్య తేలే డీజిల్ తెట్టుకి ఊరి కాలవ మీద నెపం వెయ్యడమూ కుదరదు.

పరీక్షలు లేవా అంటే, ఉన్నాయి. హార్బర్ నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఎస్‌డబ్ల్యూ-4 అనే తరగతి పెట్టింది. లీటరుకి కరిగిన ఆక్సిజన్ కనీసం 3 మిల్లీగ్రాములు ఉంటే చాలంటుంది. స్నానానికి పనికొచ్చే నీటికయితే 4. విశాఖ తీరంలో ఇన్‌కాయిస్ అనే కేంద్ర సముద్ర సమాచార సంస్థ వాళ్ళు నీటి నాణ్యత కొలిచే బోయా (నీటి మీద తేలే పరికరం) కూడా పెట్టారు. ఇవన్నీ నీళ్ళు ఎలా ఉన్నాయో చెబుతాయి, ఎవరు వదిలారో చెప్పవు.

2022లో క్రూయిజ్ ఓడ వచ్చింది, మరుసటి ఏడు క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2025లో పార్లమెంటు 1908 చట్టం స్థానంలో కొత్త పోర్టుల చట్టం తెచ్చి, మార్పోల్ బాధ్యతల్ని నేరుగా రేవుల మీద పెట్టింది. ఓడ వ్యర్థాలు దించాలంటే ఏజెంటు ద్వారా కాంట్రాక్టరుని పిలిపించి బిల్లు కడతారు. బోటు యజమాని ఎవరిని పిలవాలి? మార్చేసిన పాత ఇంజన్ ఆయిల్ని డబ్బాల్లో పట్టి అమ్ముకోవచ్చు, దానికి కొనేవాళ్ళున్నారు. బిల్జి నీళ్ళని ఎవరూ కొనరు, పైగా మోసుకెళ్ళి ఇవ్వడానికి కూలి దండగ.

2021 కేంద్ర బడ్జెట్‌లో అభివృద్ధి చేస్తామన్న అయిదు ఫిషింగ్ హార్బర్లలో విశాఖ ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, 61 రోజులు బోట్లన్నీ ఇక్కడే కట్టేసి ఉంటాయి. ఇంజన్లు విప్పేదీ, అడుగు కడిగేదీ అప్పుడే. డీజిల్ పోయించుకునే చోటే బిల్జి నీళ్ళు ఉచితంగా తీసుకునే ట్యాంకు ఒకటి పెట్టి, ఆ రెండు నెలలు నడిపి చూస్తే, ఏ బోటు ఎంత దించిందో మొదటిసారి ఓ లెక్క దొరుకుతుంది.