సైడు అయిపోయిన చోట ఆగిన పాట

గత వేసవిలో తెనాలిలోని మా పాత ఇంటి అటక దులుపుతుండగా ఒక బిస్కెట్ల డబ్బాలో కొన్ని క్యాసెట్లు బయటపడ్డాయి. వాటిలో ఒకటి 1988లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, బజారులోని రికార్డింగ్ సెంటర్లో పాటల చీటీ రాసిచ్చి, మూడు రోజులు తిరిగి ఎక్కించుకున్నది. అది అరవై నిమిషాల టేపు. అట్ట లోపలివైపు నీలి సిరాతో, నా చేతిరాతలోనే, పద్నాలుగు పల్లవులు వరుసగా ఉన్నాయి. టేపురికార్డరు ఎప్పుడో పాత సామాన్లవాడికి పోయింది కనుక, ఆ అట్టను ఎదురుగా పెట్టుకుని, అవే పాటలను ఫోనులో వెతికి, అదే వరుసలో విన్నాను. వాటిలో చాలా పాటలు నా చెవిన పడి ముప్పయ్యేళ్లు దాటింది. పద్నాలుగేళ్ల వయసులో ప్రాణంగా విన్న పాట ఇన్నేళ్లకు మళ్లీ వినిపించినప్పుడు మెదడులో జరిగేదేమిటో శాస్త్రవేత్తలు కొంతవరకు తేల్చారు. వారు చెప్పినవాటిలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోచింది మాత్రం ఆ ముప్పయ్యేళ్ల ఎడబాటుకు సంబంధించిన సంగతి.

రెండో పాట పల్లవి ఎత్తుకోగానే ఎక్కడో తేడా ఉందనిపించింది. గొంతు అదే, వాద్యాలు అవే, కానీ శ్రుతి కాస్త పైన ఉంది, నడక కాస్త తొందరగా ఉంది. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను. అయినా ఆ తేడా చెప్పులో రాయిలా ఇబ్బంది పెట్టింది. కాసేపు ఆలోచిస్తే కారణం తట్టింది. క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో కదలాలి. మా టేపురికార్డరు బెల్టు సాగిపోయి, చక్రం నెమ్మదిగా తిరిగేది. వేగం నూటికి ఆరు వంతులు తగ్గితే చాలు, పాట ఇంచుమించు ఒక స్వరస్థానం కిందికి దిగిపోతుంది. అంటే సాగిన బెల్టు మీద మా వసారాలో మోగిన శ్రుతినే నా మెదడు ఇన్నేళ్లూ దాచుకుందన్నమాట.

ఇది ఏ ఒక్కరికో దక్కిన వరం కాదు. డేనియల్ లెవిటిన్ అనే శాస్త్రవేత్త 46 మంది విద్యార్థులను పిలిచి, వారికి బాగా ఇష్టమైన పాటలను ఏ ఆధార శ్రుతీ వినిపించకుండా పాడమన్నాడు. 1994లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, నూటికి నలభై మంది కనీసం ఒక ప్రయత్నంలోనైనా అసలు రికార్డులోని శ్రుతినే సరిగ్గా అందుకున్నారు. పదే పదే ఒకే రికార్డును వినడం వల్ల పాట సారాంశంతో పాటు దాని శ్రుతి, వేగం కూడా మనలో అచ్చుపడతాయి. కచేరీలో ఒక్కొక్కరు ఒక్కొక్క శ్రుతిలో పాడే కీర్తనకు ఇలాంటి ముద్ర పడే వీలు తక్కువ. ఎన్నిసార్లు మోగినా మారకపోవడమనేది రికార్డింగు వచ్చాకే మనిషి చెవికి కలిగిన అనుభవం.

మరొక వింత, ఒక పాట ముగిసి రెండోది మొదలయ్యే లోపలి నిశ్శబ్దంలో కలిగింది. ఫోను ఇంకా మౌనంగా ఉండగానే తరవాతి పాట మొదటి వేణునాదం నా తలలో మోగడం మొదలుపెట్టింది. ఆ రెండు పాటలూ ఒకే చిత్రంలోవి కావు, ఒకే సంగీత దర్శకుడివి కూడా కావు. వాటికున్న బంధుత్వమల్లా నేను చీటీలో ఒకదాని కింద ఒకటి రాయడమే. జార్జిటౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో దీన్నే పరీక్షించారు. తమకు బాగా తెలిసిన సీడీలోని పాటల మధ్య నిశ్శబ్దం వచ్చినప్పుడు, రాబోయే పాటను మనసులో వింటున్నవారి మెదడు ముందుభాగం చురుకుగా పనిచేయడం స్కానింగులో కనిపించింది. ఇలా ఎదురుచూడటంలోనే సగం ఆనందం ఉంది. సంగీతం విని ఒళ్లు గగుర్పొడిచేవారి మెదడులను మాంట్రియల్ పరిశోధకులు పరిశీలించి 2011లో ప్రకటించిన దాని ప్రకారం, ఆ పరవశ క్షణంలో ఒక చోట డోపమైన్ అనే, ఆనందంతో ముడిపడిన మెదడు రసాయనం విడుదలైతే, ఆ క్షణం రాబోతోందని తెలిసిన కొన్ని సెకన్ల ముందే మరొక చోట విడుదలవుతుంది.

అయితే ఆ వయసు పాటలకే ఇంత బలమెందుకు? నడివయసు దాటినవారిని వారి జీవితంలోని సంఘటనలు చెప్పమంటే, పదేళ్లకూ ముప్పయ్యేళ్లకూ మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారు. గీత గీసి చూస్తే ఆ వయసు దగ్గర మిట్టలా లేస్తుంది. డేవిడ్ రూబిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తదితరులు 1986లో ఈ మిట్టను స్పష్టంగా చూపారు. ఆ వయసులో మెదడు ఇంకా నిర్మాణంలో ఉంటుందని కొందరు, తొలి అనుభవాలు దట్టంగా ఉంటాయని కొందరు, నేనెవరినన్న ప్రశ్నకు మనిషి జవాబు వెతుక్కునే కాలమదని కొందరు కారణాలు చెబుతారు. నాకు చివరి రెండే ఎక్కువ సబబుగా తోస్తాయి. ఎందుకంటే స్పానిష్ మాతృభాషగా గల దేశాల నుంచి అమెరికాకు వలస వెళ్లినవారిని 1998లో పరిశీలించినప్పుడు, ముప్పయ్యో పడిలో వలస వెళ్లినవారికి ఈ మిట్ట తన చోటు మారి వలస కాలం దగ్గరికి జరిగినట్టు తేలింది. వయసొక్కటే కారణమైతే అలా జరగకూడదు. ముప్పై దాటాక డాలస్‌కో మెల్‌బోర్న్‌కో చేరిన తెలుగువారు, అక్కడి తొలి చలికాలంలో కారులో విన్న పాటలను చిన్ననాటి పాటలంత గాఢంగా తలుచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక ఎడబాటు సంగతి. ఆ పద్నాలుగు పాటల్లో రెండు ఎప్పుడూ నన్ను వదలలేదు. పెళ్లిళ్లలో, బస్సుల్లో, టీవీలో, పిల్లల ఫోన్లలో వింటూనే ఉన్నాను. వాటిని ఇప్పటికీ ఇష్టంగానే వింటాను, కానీ ఆ రోజు అవి మోగినప్పుడు 1988 రాలేదు. ఏ కాలమూ రాలేదు. ఐదో పాట అలా కాదు. దాన్ని నేను పూర్తిగా మరచిపోయాను. పల్లవి చదివినా స్వరం తట్టలేదు. అది మొదలైన రెండు నిమిషాలకే వసారా కళ్లముందుకు వచ్చింది. గచ్చు మీద టేపురికార్డరు, పక్కన కత్తిపీట ముందేసుకుని చింతపండు పిక్కలు తీస్తున్న మా అమ్మ, ఒక్కొక్క పిక్కా సత్తుగిన్నెలో పడుతున్న టకటక చప్పుడు, చేతికంటిన పులుపు వాసన. ఆ చప్పుడు తాళానికి తప్పుతోందని నేను విసుక్కోవడం కూడా గుర్తుకొచ్చింది.

స్మృతిశాస్త్రంలో 1975 నుంచి నిలిచిన సూత్రమొకటి దీన్ని విడమరుస్తుంది. ఒక గుర్తుకు ఎన్ని జ్ఞాపకాలను ముడివేస్తే, వాటిలో ఏ ఒక్కదాన్నైనా బయటికి లాగే శక్తి ఆ గుర్తుకు అంత తగ్గుతుంది. కొంగుకు ఒక్క ముడి ఉంటే అది దేనికోసం వేసుకున్నదో తెలుస్తుంది, ఇరవై ముడులుంటే ఏదీ తెలియదు. వదలకుండా విన్న రెండు పాటలకూ ముప్పయ్యేళ్ల బస్సులూ పెళ్లిళ్లూ ముడిపడ్డాయి. ఐదో పాటకు మాత్రం ఒక్క వసారాయే ఉంది. కాలిఫోర్నియాలో పీటర్ జనాటా అనే శాస్త్రవేత్త విద్యార్థులకు వారి చిన్ననాటి పాటలు వినిపించి మెదడు స్కానింగు చేసినప్పుడు, నుదుటి వెనుక నడుమభాగం ఆ పాట తెచ్చిన జ్ఞాపకం ఎంత గట్టిదైతే అంతగా స్పందించిందని 2009లో తేలింది. పాటా, సొంత బతుకూ కలిసే కూడలి అదేనని ఆయన భావన.

ఇంట్లో పెద్దల పాటలూ ఇలాగే అంటుకుంటాయి. కరోల్ క్రమ్‌హాన్స్ల్ అనే పరిశోధకురాలు 2013లో ఇరవయ్యేళ్ల యువతను పరీక్షిస్తే, వారి తల్లిదండ్రులు యువకులుగా ఉన్ననాటి పాటలు కూడా వారిలో జ్ఞాపకాలను లేపాయి. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో కన్నుమూశారు. నేను అదే ఏడాది చివర పుట్టాను. అయినా ఆయన పద్యం వినిపిస్తే, గడ్డం గీసుకుంటూ రాగం తీసే మా నాన్న కనిపిస్తారు.

క్యాసెట్టు మొదటి వైపున ఉన్న ఏడో పాటకు మొదటినుంచీ ఒక లోపముంది. రెండో చరణం మధ్యలో టేపు అయిపోయి, పాట ఒక మాట దగ్గర తెగిపోయేది. ఫోనులో ఆ మాట వచ్చేసరికి టేపురికార్డరు మీట టక్కున పైకి లేచే చప్పుడు కోసం నా చెవి ఎదురుచూసింది. పాట ఆగలేదు. చరణం పూర్తయింది, పల్లవి మళ్లీ వచ్చింది, వయొలిన్లు సన్నగిల్లి ముగిశాయి. ఆ మాట వరకూ వసారా ఉంది, అమ్మ ఉంది. ఆ తరవాతి నిమిషంలో అందమైన సంగీతం ఉంది, అటక దుమ్ము వాసన ఉంది.