మొదటి బాణం లెక్క వేరు

దేవరకొండలో మా ఇంటి వెనక కాస్త ఖాళీ జాగా ఉంది. అక్కడ చింతచెట్టు మొదట్లో గడ్డి కుక్కిన గోనెసంచి, దాని మీద సున్నంతో పెట్టిన బొట్టు. 20 మీటర్ల దూరం నుంచి వెదురు విల్లుతో రోజూ పొద్దున్నే ఆరు బాణాలు వేసేవాణ్ణి. మొదటిది సంచి అడుగున గుచ్చుకునేది, ఒక్కోసారి మట్టిలోనే దిగేది. రెండోది కాస్త పైకి వచ్చేది. మూడోది బొట్టు పక్కకు చేరేది. చివరి మూడూ అరచేయంత జాగాలో పడితే మురిసిపోయి, గురి కుదిరిందని లోపలికి వచ్చి టీ తాగేవాణ్ణి.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో తేనె అమ్ముతూ వచ్చిన ఒక చెంచు పెద్దాయన నా ప్రాక్టీసు చూస్తూ కాసేపు గోడ పక్కన కూర్చున్నాడు. ఆరూ అయ్యాక అడిగాడు: "సారూ, మొదటిది ఏడ పడ్డది?"

"అది లెక్కలకు రాదు తాతా, చెయ్యి కుదురుకోవాలె గదా."

"నీ చెయ్యి కుదిరేదాంక దుప్పి ఆడనే నిలవడ్తదా సారూ?"

నేను బళ్లో ఫిజిక్స్ చెప్తాను. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వేటకు పోవాలన్న ఆలోచన నాకు లేదు, పోకూడదు కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. మా పక్కనున్న నల్లమల అడవి ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. నా దుప్పి గోనెసంచే. కానీ తాత అడిగిన ప్రశ్న మాత్రం వదల్లేదు. ఆరింటిలో చివరి మూడు బాగా పడ్డాయంటే నాకు విలువిద్య వచ్చినట్టా? వేటగాడి లెక్కలో నేను రోజూ గురి తప్పినవాణ్ణే.

వేటలో రెండో బాణం ఎందుకు ఉండదో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. మామూలు వెదురు విల్లు నుంచి బాణం సెకనుకు సుమారు 45 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుందాం. 20 మీటర్లు దాటడానికి దానికి 0.44 సెకను పడుతుంది. నారి చప్పుడు గాలిలో సెకనుకు 340 మీటర్లు పరుగెత్తుతుంది, అంటే అదే దూరం 0.06 సెకనులో చేరుతుంది. చప్పుడు వినపడ్డాక, బాణం తగిలేలోపు జంతువుకు దాదాపు 0.38 సెకను టైం దొరుకుతుంది. మనకిది కన్ను మూసి తెరిచేంత, జింకకు బోలెడంత. అమెరికాలో లైసెన్సు తీసుకుని విల్లుతో వేటాడేవాళ్లకు ఇది బాగా అనుభవం. బెదిరిన జింక దూకడానికి ముందు కాళ్లు మడిచి ఒంటిని కిందికి దించుతుంది, సరిగ్గా వేసిన బాణం దాని వీపు మీదుగా వెళ్లిపోతుంది. ఉలిక్కిపడడానికే సగం సమయం పోయిందనుకున్నా, మిగిలిన 0.19 సెకనులో ఊరికే వదిలేసిన రాయి కూడా దాదాపు 18 సెంటీమీటర్లు కిందికి పడుతుంది. ఆ తర్వాత అక్కడ మిగిలేది కదిలే పొదలే.

ఇక బాణం సంగతి. అదీ గాలిలోకి వచ్చిన క్షణం నుంచి కిందికి పడుతూనే ఉంటుంది. ఆ 0.44 సెకనులో అది పడే దూరం ఇంచుమించు 97 సెంటీమీటర్లు. అంత పైకి చూసి వేయాలన్నమాట. చెయ్యి ఆ ఎత్తును అలవాటుగా నేర్చుకుంటుంది, మనం లెక్కలు వేసుకోం. కానీ దూరం 22 మీటర్లుండగా 20 అనుకుని వేస్తే, గాలి నిరోధం వదిలేసినా, బాణం సుమారు 10 సెంటీమీటర్లు కింద పడుతుంది. నారిని రోజూ లాగేంత కాకుండా 2 సెంటీమీటర్లు తక్కువ లాగితే వేగం తగ్గి మరో 9 సెంటీమీటర్లు దిగుతుంది. నారి పట్టిన వేళ్లు చెంప దగ్గర ఆగే చోటు పల్లీగింజ మందం, అంటే ఒక 6 మిల్లీమీటర్లు, పైకో కిందికో జరిగితే 70 సెంటీమీటర్ల బాణం అర డిగ్రీ వాలుతుంది. సంచి దగ్గరికి వచ్చేసరికి ఆ అర డిగ్రీ 17 సెంటీమీటర్లవుతుంది. ఈ తప్పులన్నీ ఒక్కోటి చిన్నవే. కానీ పొద్దున్నే చలికి బిగుసుకున్న భుజాలతో నేను వేసే మొదటి బాణంలో అన్నీ కలిసే వస్తాయి.

ఇదే లెక్కను దగ్గరి నుంచి చూడండి. 10 మీటర్ల నుంచి వేస్తే బాణం పడేది 24 సెంటీమీటర్లే. దూరం సగమైతే పడే ఎత్తు నాలుగో వంతు అవుతుంది. జంతువుకు దొరికే టైం కూడా సగానికి సగం తగ్గుతుంది. అడవిలో విల్లు పట్టినవాడి అసలు పనితనం కాళ్లలో, ఓపికలో ఉంటుందని నేననేది అందుకే. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఎండుటాకు చప్పుడు కాకుండా ఇంకో పది మీటర్లు ముందుకు పోగలిగినవాడికి నా కన్నా గొప్ప గురి అక్కర్లేదు. దీనికి చరిత్రలో ఒక ముచ్చటైన ఉదాహరణ ఉంది. కాలిఫోర్నియాలో యాహీ తెగకు చివరివాడిగా మిగిలి 1911లో అడవి నుంచి బయటికి వచ్చిన ఇషి దగ్గర శాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు విలువిద్య నేర్చుకున్నాడు. దూరంగా పెట్టిన గుండ్రటి టార్గెట్ల మీద పోటీ పెడితే ఇషి పోప్ ముందు నిలవలేకపోయేవాడు. కానీ దగ్గరి చిన్న జంతువు మీద ఇషి బాణం అరుదుగా తప్పేది. ఇద్దరివీ వేర్వేరు విద్యలు. నేను పోప్ విద్య నేర్చుకుంటూ, నాకు ఇషి విద్య వస్తోందని భ్రమపడ్డాను.

విల్లుకూ ఇందులో వాటా ఉంది. రాత్రంతా నారి దింపి పెట్టిన విల్లుకు పొద్దున నారి ఎక్కిస్తే అది కొత్త ఉత్సాహంతో ఉంటుంది. మొదటి రెండు మూడు లాగుళ్లలో నారి ముడులు సర్దుకుంటాయి, పోగులు కాస్త సాగుతాయి, వెదురు వంపుకు అలవాటు పడుతుంది. గంటల తరబడి నారి ఎక్కించి ఉంచితే బలం తగ్గుతుంది, ఎండలో పెడితే ఇంకా తగ్గుతుంది. మేదరివాళ్లు వెదురును నిప్పు సెగకు కాచి వంచడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. మే నెలలో మా మిట్ట మధ్యాహ్నపు ఎండ కూడా ఒక రకం సెగే. ఆ లెక్కన పొద్దున మొదటి బాణం విల్లు వల్ల కాస్త పైకి పోవాలి, మన ఒళ్లు బిగుసుకుని తక్కువ లాగడం వల్ల కిందికి పోవాలి. ఎవరి దగ్గర ఏది గెలుస్తుందో వాళ్ల సంచే చెప్తుంది. నా దగ్గర ఎప్పుడూ ఒళ్లే గెలిచింది.

బాణం నిటారుగా పోతుందన్నది కూడా మన కంటి భ్రమే. వదిలిన మరుక్షణం నారి తోసే తోపుకు అది పాములా వంగి, విల్లును చుట్టుకున్నట్టు పక్కనుంచి దాటి, అటూ ఇటూ ఊగుతూ వెళ్లి తర్వాత కుదురుకుంటుంది. 1930ల్లో క్లారెన్స్ హిక్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త హైస్పీడ్ కెమెరాతో దీన్ని పట్టి చూపించాడు. బాణం వంగే గుణం విల్లు బలానికి సరిపోవాలి. ఆరు బాణాల్లో ఒకటి మిగతావాటి కన్నా బిరుసుగా ఉంటే అది పక్కకే పోతుంది. పొదిలోంచి మొదట చేతికొచ్చింది అదే అయితే తప్పు చేతిది కాదు. అందుకే నా బాణాలకు ఈకల దగ్గర రంగు దారాలు చుట్టాను. ఎర్రదారం బాణం నమ్మకస్తురాలు.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తున్నాను. కండరాలు వేడెక్కకపోవడమే కారణమైతే పది గుంజీలు తీసి విల్లు పట్టుకుంటే చాలు. నేను తీశాను కూడా. మొదటి బాణం మళ్లీ కిందే. మనిషి కదలికల మీద పనిచేసే సైకాలజిస్టులకు ఇది పాత సమస్య. బాగా వచ్చిన పనైనా కాసేపు ఆపి మళ్లీ మొదలుపెడితే మొదటి ప్రయత్నం చెడుతుంది, రెండు మూడింటిలో మళ్లీ దారిలోకి వస్తుంది. పని మర్చిపోయాం కాబట్టి చెడిందనలేం, మర్చిపోతే అంత తొందరగా తిరిగి రాదు. మరి పోయిందేమిటి?

1971లో నాక్సన్, ష్మిట్ అనే ఇద్దరు ఒక చక్కటి ప్రయోగం చేశారు. కుడిచేత్తో ఇంత బలంతోనే పట్టి నొక్కాలని మనుషులకు నేర్పించారు, నొక్కిన ప్రతిసారీ ఎంత తేడా వచ్చిందో చెప్తూ పోయారు. మధ్యలో పది నిమిషాల విరామం. కొందరు ఊరికే కూర్చున్నారు. ఇంకొందరికి విరామంలో కొంతసేపు ఎడమచేతి పని ఇచ్చారు, అదీ ఇంత బలమని అంచనా వేసి పెట్టే పనే. తిరిగి మొదలుపెట్టినప్పుడు ఊరికే కూర్చున్నవాళ్ల మొదటి ప్రయత్నం బాగా తేడా కొట్టింది. ఎడమచేత్తో పని చేసినవాళ్లకు ఆ నష్టం దాదాపు లేదు. కుడిచేతి కండరాలకు వాళ్లు వ్యాయామం ఏమీ చేయలేదు. మరి కాపాడుకున్నది మనసు అమరికను: బలాన్ని లోపలి నుంచి గమనించడం, తేడాను పట్టుకోవడం, ఇంతే చాలని ఆపడం. డప్పు కళాకారులు వాయించే ముందు తోలును మంట దగ్గర కాచుకుంటారు. చేతులు వేడిగా ఉన్నంత మాత్రాన తోలు పలకదు, దాని బిగువు దానికి కావాలి. ఇదీ అలాంటిదే.

నాకు ఇందులో దొరికింది ఏమిటంటే, మొదటి బాణాన్ని సిద్ధం చేయడానికి బాణం వేయక్కర్లేదు. ఇప్పుడు విల్లు తీయగానే బాణం పెట్టకుండా నారిని సగం వరకు నెమ్మదిగా లాగి, అంతే నెమ్మదిగా తిరిగి వదులుతాను. మూడోసారి పూర్తిగా లాగి, వేళ్లు చెంపకు తగిలే చోట రెండు సెకన్లు ఆపి, మళ్లీ దింపుతాను. ఒక జాగ్రత్త: బాణం లేకుండా నారిని చటుక్కున వదలకండి. బాణం మోసుకుపోవాల్సిన శక్తి అంతా విల్లు మీదే పడి, విల్లు చిట్లుతుంది. నా మొదటి విల్లు అలాగే పోయింది, ముక్క ఒకటి మోచేతికి తగిలి వారం రోజులు బ్లాక్‌బోర్డు మీద రాయలేకపోయాను.

టెన్షన్ సంగతి వేరు. గుండె దడదడలాడినప్పుడు చెయ్యి వణుకుతుంది, నారి పట్టి ఎక్కువసేపు నిలబడితే ఆ వణుకు ఇంకా పెరుగుతుంది. గోనెసంచి ముందు నాకు గుండెదడ రాదు, కాబట్టి దాని గురించి పెద్దగా మాట్లాడే అర్హత నాకు లేదు.

కన్ను గురించి మాత్రం చెప్పాలి. ద్రోణుడి పిట్ట కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో జోన్ విక్కర్స్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల చూపు ఎక్కడ నిలుస్తోందో పరికరంతో కొలిచి 1996లో ప్రచురించింది. నేర్పున్నవాళ్ల చూపు చెయ్యి కదలకముందే ఒక చోట నిలబడి, ఎక్కువసేపు నిలుస్తుంది. నేర్పు తక్కువవాళ్ల చూపు ఆలస్యంగా చేరుతుంది. తర్వాత మరెన్నో ఆటల్లో ఇదే కనిపించింది. నేను మొదటి బాణం వేసేటప్పుడు ఏం చేసేవాణ్ణో అప్పుడు గమనించాను. చూపు బొట్టుకు పోవడం, బాణం మొనకు రావడం, మళ్లీ బొట్టుకు పోవడం. ఆరో బాణానికి ఆ తిరుగుడు ఉండేది కాదు. బొట్టు కూడా మరీ పెద్దది, దాని మీద చూపు నిలవదు, జారుతుంది. ఇప్పుడు గోనె అల్లికలో ఒక్క పోగును చూస్తాను. అది కనిపించాకే నారి లాగుతాను.

ఇక ప్రాక్టీసు. ఒకే చోట నిలబడి ఆరు బాణాలు వేస్తే రెండో బాణం మొదటి దాన్ని చూసి దిద్దుకుంటుంది, మూడోది రెండో దాన్ని చూసి. ఐదుసార్లు దిద్దుబాటు నేర్చుకుని, ఒక్కసారి మాత్రమే గురి పెట్టాను నేను. నా ఆరింటి పద్ధతి ఇప్పుడు విడిపోయింది. పొద్దున ఒకటి, బడి నుంచి రాగానే ఒకటి, చీకటి పడేముందు ఒకటి, ఆదివారం మధ్యలో ఇంకో రెండు. నిలబడే చోటు ప్రతిసారీ వేరు, ముందే అడుగులు కొలుచుకోను. దూరం కళ్లతో అంచనా వేసి, వేశాక కొలుస్తాను. నా అంచనా ఎప్పుడూ వాగుకు అవతలున్న చెట్టు దగ్గరే మోసపోతుంది. మధ్యలో పల్లం ఉంటే కంటికి దూరం సరిగ్గా అందదు. డాబా మీద నుంచి వేస్తే ఇంకో చిక్కు. మంచె మీద కూర్చుని కిందికి వేసేవాళ్లకూ ఇదే. 30 డిగ్రీల వాలులో 20 మీటర్ల దూరం ఉన్నా భూమి ఆకర్షణకు లెక్క 17 మీటర్లే. నేలమీది అలవాటుతో వేస్తే బాణం బొట్టు దాటి పైన గుచ్చుకుంటుంది.

నోటుబుక్కులో మొదటి బాణాలే రాస్తున్నాను: దారం రంగు, ఎంత పైన, ఎంత కింద, అప్పుడు ఎండా చల్లనా. పెద్దాయన మళ్లీ రాలేదు, పోయిన ఎండాకాలం తేనె వేరేవాళ్లు తెచ్చారు. నిన్న సాయంత్రం బస్సు దిగి, చేతిసంచి గోడ మీద పెట్టి, మూడుసార్లు నారి లాగి దింపి, ఎర్రదారం బాణం వేశాను. బొట్టుకు బెత్తెడు కింద దిగింది, సంచిలోనే.