అయ్యగారు (పాస్టరు) చెప్తే సరిపోదా? క్రైస్తవ కుటుంబ కౌన్సెలింగ్ శిక్షణ మీద అపోహలు - వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో మా చర్చి వెనక వైపు ఒక చిన్న గది ఉంది. ఒక టేబుల్, మూడు కుర్చీలు, గోడకి ఒక గడియారం. పదకొండేళ్ళుగా నా పని ఆ గదిలోనే. భార్యాభర్తలు వస్తారు, అత్తాకోడళ్ళు వస్తారు, పెళ్ళి కుదిరిన పిల్లలు వస్తారు. ఈ మధ్య "మేమూ ఈ పని నేర్చుకోవాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్ళు కూడా వస్తున్నారు. విజయవాడ నుంచి, తెనాలి నుంచి, మంగళగిరి నుంచి. వాళ్ళని చూస్తే నాకు చాలా సంతోషం, ఎందుకంటే మన దగ్గర ఈ పని తెలిసినవాళ్ళు తక్కువ. కానీ వాళ్ళ మాటల్లో కొన్ని అపోహలు మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంటాయి. వాళ్ళతో చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మాత్రం మార్చాను.

అపోహ: బైబిలు వాక్యం బాగా తెలిస్తే చాలు, శిక్షణ ఎందుకు?

నేనూ అలాగే అనుకుని ఇందులోకి వచ్చాను. ఏళ్ళ తరబడి సండే స్కూల్లో చెప్పాను, స్త్రీల కూటంలో వాక్యం పంచుకున్నాను. ఎవరైనా కష్టం చెప్పుకుని ఏడిస్తే, దానికి తగిన వచనం రెండు నిమిషాల్లో నోటికి వచ్చేసేది. శిక్షణలో ముందుగా వదులుకోవాల్సి వచ్చింది ఆ తొందరనే.

మాకు వర్బాటిమ్ అని ఒక అభ్యాసం ఉండేది. ఒకరితో మాట్లాడి వచ్చాక, వాళ్ళేమన్నారో, మనమేమన్నామో గుర్తున్నంత వరకు మాటకి మాట రాయాలి. కాగితానికి ఎడమ వైపు సంభాషణ, కుడి వైపు ఆ క్షణంలో మన మనసులో ఏముందో. నేను రాసిన మొదటి కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆసుపత్రి వార్డులో ఒక పెద్దావిడ, "ఆయన పోయాక ఇంట్లో కాఫీ పెట్టడం మానేశానమ్మా" అంది. దాని కింద నా జవాబు: "దేవుడు విధవరాళ్ళ పక్షాన ఉంటాడమ్మా, ధైర్యంగా ఉండండి." మా సూపర్‌వైజర్ ఆ జవాబు చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి, పక్కన ఒక్క ప్రశ్న రాశారు: "కాఫీ సంగతి ఎందుకు అడగలేదు?"

ఆవిడ తన కాపురమంతా ఆ ఒక్క మాటలో పెట్టి నా చేతికిచ్చింది. నేను అందుకోలేదు. కుడి వైపు ఏం రాశానో చూస్తే, "ఏడుస్తుందేమోనని భయం" అని ఉంది. అంటే ఆ వచనం నా భయం తగ్గించుకోడానికి చెప్పాను. అది తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ తరహా శిక్షణకి వందేళ్ళ చరిత్ర ఉంది. 1925లో అమెరికాలోని వూస్టర్ స్టేట్ హాస్పిటల్‌లో ఆంటన్ బాయిసెన్ అనే దైవసేవకుడు వేదాంత (క్రైస్తవ దైవశాస్త్ర) విద్యార్థుల్ని మానసిక రోగుల వార్డుల్లోకి తీసుకెళ్ళి నేర్పించడం మొదలుపెట్టాడు. ఆయన స్వయంగా అలాంటి ఆసుపత్రిలో చికిత్స పొందినవాడు. గ్రంథాన్ని ఎంత శ్రద్ధగా చదువుతామో, బాధలో ఉన్న మనిషినీ అంత శ్రద్ధగా చదవాలన్నది ఆయన పట్టుదల. నేను ఇప్పటికీ దాన్నే నమ్ముతాను.

అయ్యగార్ల పని తక్కువని నేను అనడం లేదు. కానీ అయ్యగారికి ఆ కుటుంబంతో వేరే సంబంధాలు కూడా ఉంటాయి. భర్త చర్చి సంఘ కమిటీలో ఉంటాడు, మామగారు చర్చి కట్టడానికి స్థలం ఇచ్చి ఉంటాడు. ఆ కోడలు అయ్యగారి ముందు నోరు విప్పాలంటే ఎంత కష్టమో ఆలోచించండి.

అపోహ: మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఉంటే లైసెన్స్ ఉన్నట్టే

అమెరికాలో మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్టులకి రాష్ట్రాల వారీగా లైసెన్స్ ఉంటుంది. మన దేశంలో ఈ పనికి అలాంటి ప్రత్యేక లైసెన్స్ లేదు. క్లినికల్ సైకాలజిస్టులు మాత్రం 1992 చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం కొన్ని రకాల కౌన్సెలర్లని కూడా తన పరిధిలోకి తెచ్చింది. కుటుంబ కౌన్సెలింగ్‌కి ప్రత్యేక లైసెన్స్ లేని ఈ ఖాళీలోనే రంగురంగుల సర్టిఫికెట్లు పుట్టుకొస్తున్నాయి.

నా సలహా, ముందు చదువు గట్టిగా ఉండాలి. సైకాలజీలో పీజీ గానీ, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) గానీ చెయ్యండి. దూరవిద్యలో చేద్దామనుకునేవాళ్ళు ఒక విషయం గమనించాలి. సైకాలజీ కోర్సుల్ని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి యూజీసీ ఆపేసింది. ఫీజు కట్టకముందే ఇది చూసుకోండి. వేదాంత విద్య వైపు నుంచి వచ్చేవాళ్ళకి వేదాంత డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ పరిధిలోని కాలేజీల్లో పాస్టోరల్ కౌన్సెలింగ్ చదువుకునే దారి ఉంది. వేలూరులోని క్రిస్టియన్ కౌన్సెలింగ్ సెంటర్ కూడా ఈ శిక్షణకి పేరున్నదే.

ఎక్కడ చేరినా ఒకటి అడగండి: సూపర్‌విజన్‌లో ఎన్ని గంటలు? అంటే మీరు నిజమైన మనుషులతో మాట్లాడాలి, అనుభవం ఉన్నవాళ్ళు దాన్ని చూసి తప్పులు చెప్పాలి. అమెరికాలో ఆసుపత్రి చాప్లెయిన్ల (రోగులకి ఆత్మీయ సేవ చేసేవాళ్ళ) శిక్షణలో ఒక్క యూనిట్‌కే 400 గంటలు పెడతారు. మీ కోర్సులో వీడియోలు, క్విజ్‌లు తప్ప ఇంకేం లేకపోతే, దాన్ని పరిచయం అనుకోండి, శిక్షణ అనుకోవద్దు.

అపోహ: ఎలాగైనా కలపడమే క్రైస్తవ కౌన్సెలర్ పని

ఈ అపోహ మనుషుల ఒంటి మీదకి వస్తుంది. అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను.

నా మొదటి ఏడాదిలో ఒక అమ్మాయి వచ్చింది. భర్త చెయ్యి చేసుకుంటాడని వాళ్ళక్క ముందే నా చెవిన వేసింది. నేను ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, "ఇంట్లో కొట్టడం లాంటిదేమైనా ఉందా అమ్మా?" అని అడిగాను. ఆమె అతని వైపు చూడకుండానే, "ఏం లేదండీ, బాగానే ఉన్నాం" అంది. నేను ప్రార్థన చేసి పంపించేశాను. పది రోజులకి ఒక్కతే వచ్చింది. ఎడమ ముంజేతికి సిమెంటు కట్టు. "మీరు అడిగారని ఇంటికెళ్ళాక అడిగాడండీ, ఎవరు చెప్పారని" అంది.

హింస ఉందన్న అనుమానం ఉన్నచోట ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి అడగకూడదని నాకు శిక్షణలో చెప్పారు. పరీక్షలో రాశాను కూడా. ఆ గదిలో మర్చిపోయాను. ఆ తప్పు నాదే.

అప్పటి నుంచి ఎవరొచ్చినా మొదట విడివిడిగా చెరో అరగంట మాట్లాడతాను. భార్యని అడిగేవి చాలా మామూలు ప్రశ్నలు. ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? ఆధార్ కార్డు, కాస్త డబ్బు మీ చేతికి అందేచోట ఉన్నాయా? రాత్రిపూట బయటికి రావాల్సి వస్తే ఎవరింటికి వెళ్తారు? పిల్లలు ఏ గదిలో పడుకుంటారు? 181 మహిళా హెల్ప్‌లైన్, 112 నంబర్లు పేరు రాయకుండా చిన్న చీటీ మీద రాసిస్తాను. 2005 గృహహింస చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసర్లు ఉంటారని, అదే ఇంట్లో ఉండే హక్కు కూడా ఆమెకి ఉందని చెప్తాను. ముందు ప్రాణం. కాపురం సంగతి ఆ తర్వాత.

"లోబడి ఉండాలి కదా మేడం" అని భర్తలు ఎఫెసీ 5:22 చూపిస్తారు. నేను ఆ పై వచనం, 21 చదవమంటాను. ఒకరికొకరు లోబడమని ఉంటుంది. తర్వాత 25 చదవమంటాను. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు భార్యని ప్రేమించమని ఉంటుంది. విడాకుల మాట రాగానే అందరూ ఎత్తిచూపే మలాకీ 2:16లోనే, బలాత్కారం, అంటే హింస కూడా దేవునికి అసహ్యమని ఉంది. ఆ రెండో సగం మన చర్చిల్లో వినిపించాలని నా కోరిక.

చట్టం కూడా కొంత తెలిసి ఉండాలి. స్టాంప్ పేపర్ మీద పెద్దమనుషులు రాయించిన కాగితాన్నే విడాకులు అనుకుని మళ్ళీ పెళ్ళికి సిద్ధపడినవాళ్ళని చూశాను. అది చెల్లదు. చర్చి ట్రిబ్యునల్ (చర్చి సొంత న్యాయస్థానం) వివాహాన్ని రద్దు చేసినా సివిల్ చట్టం ముందు అది సరిపోదని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. క్రైస్తవులకి వర్తించేది 1869 నాటి విడాకుల చట్టం. 2001 సవరణతో భార్యకీ భర్తకీ దాదాపు ఒకే కారణాలు వర్తించాయి, పరస్పర అంగీకారంతో విడిపోయే వీలూ వచ్చింది. మనం లాయర్లం కానక్కర్లేదు, కానీ తప్పు చెప్పకూడదు.

అపోహ: తప్పెవరిదో కౌన్సెలర్ తేల్చాలి

ఇది మనకి పంచాయితీల నుంచి వచ్చిన అలవాటు. రెండు వైపులా మనుషులు వస్తారు, తీర్పు కోసం మన మొహం చూస్తారు. అలాంటప్పుడు నేను ఒక చార్ట్ తీసి మూడు తరాల కుటుంబ పటం గీయమంటాను. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి సున్నా, గొడవలున్నచోట వంకర గీత. దీన్ని జీనోగ్రామ్ అంటారు.

మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే ఒకాయన, కోపం వస్తే నెలల తరబడి భార్యతో మాట్లాడడు. గీస్తూ గీస్తూ వాళ్ళ నాన్న దగ్గర పెన్ను ఆపాడు. "మా నాన్న మా అమ్మతో రెండేళ్ళు మాట్లాడలేదండి. ఏం కావాలన్నా నాతోనే చెప్పించేవాడు." కాసేపాగి, "ఇప్పుడు మా వాడితో నేను అదే చేయిస్తున్నాను" అన్నాడు. పక్కనే ఉన్న భార్య ఆ మాటకి ఏడ్చింది. ఆ రోజు నేను మాట్లాడింది నాలుగు వాక్యాలకి మించదు. వాళ్ళు ఇంకా ఎనిమిది సార్లు వచ్చారు. ఆయన ఇంకా అలుగుతాడు, కానీ రెండో రోజుకి మాట్లాడుతున్నాడు.

అపోహ: అక్కడ చెప్పింది ఆదివారానికి సంఘమంతా తెలుస్తుంది

ఈ భయం ఊరికే పుట్టలేదు. "ఫలానా సిస్టర్ కుటుంబం కోసం ప్రార్థించండి" అన్న ఒక్క మనవితో బజారున పడిన ఇళ్ళున్నాయి. శిక్షణ పొందినవాళ్ళు పేరు చెప్పకుండా కూడా ఆ సంగతిని ప్రసంగంలో గానీ, సాక్ష్యంలో గానీ వాడకూడదు. మా అయ్యగారికి కూడా నేను చెప్పను, ఆయనా అడగరు.

గోప్యతకి హద్దులు ఉన్నాయి. అవేమిటో మొదటి రోజే చెప్పాలి. ప్రాణానికి ముప్పుంటే దాచలేం. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల మీద లైంగిక హింస గురించి తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోవడం శిక్షార్హం. "కుటుంబం పరువు పోతుంది, సంఘంలోనే సర్దుకుందాం" అనే పెద్దల మాటకి ఇక్కడ చోటు లేదు.

అపోహ: డిప్రెషన్ అంటే విశ్వాసం తగ్గడమే

బైబిల్లో ఏలీయా ప్రవక్త తాను చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత అతన్ని మందలించలేదు. తట్టి లేపి, తినమంది. మళ్ళీ పడుకోనిచ్చి, మళ్ళీ తినమంది. 1 రాజులు 19వ అధ్యాయం చదవండి. నిద్ర, తిండి పోయిన మనిషిని సైకియాట్రిస్టు దగ్గరికి పంపడం కౌన్సెలర్ పనిలో భాగం. ఉపవాస ప్రార్థన పేరుతో మందులు మాన్పించడం చాలా ప్రమాదం. 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్, అందరి ఫోన్లలో ఉండాలి.

అపోహ: పెళ్ళికానివాళ్ళు ఈ పనికి పనికిరారు

పనికొస్తారు. సొంత కాపురాన్నే కొలబద్దగా పెట్టుకునే ప్రమాదం వాళ్ళకి తక్కువ. అయితే పెళ్ళైనా కాకపోయినా, శిక్షణలో ఉన్నవాళ్ళు కొన్నాళ్ళు తాము కూడా ఇంకో కౌన్సెలర్ ముందు కూర్చోవాలి. మా ఇంటి పాత గాయాలేవో తెలియకుండా నేను ఇంకొకరి ఇంట్లోకి వెళ్ళి ఉంటే చాలా మందిని నొప్పించేదాన్ని.

అపోహ: సేవ కాబట్టి ఫీజు తీసుకోకూడదు

స్తోమత ఉన్నవాళ్ళ దగ్గర తీసుకుంటాను, లేనివాళ్ళ దగ్గర తీసుకోను. ఎంతో ముందే చెప్తాను. కానుక అని వదిలేస్తే ఎక్కువ ఇచ్చినవాళ్ళు తీర్పు తమ వైపు ఆశిస్తారు. మొదట్లో దీని మీదే బతకడం కుదరదు. నేను మూడేళ్ళు పొద్దున స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ సాయంత్రం ఈ గదిలో కూర్చున్నాను. మీకు ఉద్యోగం ఉంటే అప్పుడే వదలకండి.