సెంట్రింగ్, రాడ్ బెండింగ్ శిక్షణ: అపోహలు - వాస్తవాలు

చాలా ఏళ్ళు సైట్లలో సెంట్రింగ్ పని, అంటే కాంక్రీటు పోయడానికి పలకలు బిగించి కింద జాకీలు (ఆసరా కడ్డీలు) నిలబెట్టే పని చేసి, ఇప్పుడు అదే పని కుర్రాళ్ళకు నేర్పుతున్నాను. చేరేటప్పుడు కుర్రాళ్ళకన్నా వెంట వచ్చిన నాన్నలు, బావలే ఎక్కువ మాట్లాడతారు. వాళ్ళ నోట తరచూ వినే మాటలు, వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: చదువు అబ్బనివాళ్ళ పని కదా, దీనికి లెక్కలెందుకు?

పదో తరగతి తప్పినవాళ్ళు ఈ పనిలో చేయి తిరిగినవాళ్ళు కావడం చూశాను. లెక్క తప్పేవాళ్ళు మాత్రం కూలీ దగ్గరే ఆగిపోతారు.

బీమ్ పొడవు రాడ్లను చుట్టి పట్టే ఒక్క రింగు సంగతే చూడండి. డ్రాయింగ్‌లో బీమ్ 230×450 అని ఉంటుంది. చుట్టూ 25 మి.మీ. కవర్ (రాడ్ బయట ఉండే కాంక్రీటు మందం) వదలాలంటే రింగు 180×400 రావాలి. నాలుగు వైపులా కలిపితే 1160 మి.మీ. దానికి రింగు రెండు కొసల్లో వంచే కొక్కేల పొడవు కలిపి, వంపుల దగ్గర రాడ్ సాగే కొంచెం తీసేసి కోయాలి. పొరపాటున రింగు 200 వెడల్పు అయిందంటే పక్క కవర్ 15కి పడిపోయినట్టే. కొన్నేళ్ళకు ముందుగా తుప్పు పట్టేది, పెచ్చులు ఊడేది అక్కడే. కొక్కేన్ని 90 డిగ్రీలకు వంచి వదిలేసేవాళ్ళూ చాలామందే. భూకంపం వస్తే అది విప్పుకుంటుంది, అందుకే భూకంపాలను తట్టుకునే కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 13920 దాన్ని 135 డిగ్రీలు వంచి కొసను లోపలికి పంపమంటుంది. కాంక్రీటు పడ్డాక ఈ తేడా ఓనర్‌కీ కనబడదు, ఇంజినీర్‌కీ కనబడదు.

తూకం లెక్క ఇంకా తేలిక. రాడ్ మందాన్ని మి.మీ.లలో దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మి.మీ. రాడ్ మీటరుకు 0.89 కిలో, 12 మీటర్ల పూర్తి రాడ్ 10.67 కిలోలు. లారీ దిగేటప్పుడు కాగితం మీద ఇది వేయగలిగినవాణ్ణి ఏ కాంట్రాక్టరూ వదులుకోడు.

అపోహ: మేస్త్రీ వెనక రెండేళ్ళు తిరిగితే అన్నీ వస్తాయి, శిక్షణ దండగ.

సగం నిజం. చేతి వేగం సైట్‌లోనే వస్తుంది. మా షెడ్డులో ఎన్ని పలకలు బిగించినా ఆ వేగం రాదు, ఒప్పుకుంటాను. మేస్త్రీ దగ్గర దొరకనిది కారణం. ఆయనకు తెలియక కాదు, చెప్పే తీరిక ఉండదు.

మామూలు స్లాబ్‌లో మెయిన్ రాడ్ కింద ఉంటుంది. బయటికి వేలాడే బాల్కనీలో, సజ్జలో పైన ఉండాలి, ఎందుకంటే అక్కడ కాంక్రీటు పగుళ్ళిచ్చేది పైవైపు. మాలు మోసేవాళ్ళు తొక్కితే ఆ రాడ్ కిందికి దిగిపోతుంది, ఇక అది ఉన్నా లేనట్టే. కారణం తెలిసిన కుర్రాడు రాడ్ కింద చైర్లు (దాన్ని ఎత్తి పట్టే రాడ్ ముక్కలు) కట్టి, నడవడానికి పలక వేయిస్తాడు. తెలియనివాడు నిన్న చేసిందే ఇవాళా చేస్తాడు. విప్పేటప్పుడూ అంతే: బాల్కనీ జాకీలు బయటి కొస నుంచి లోపలికి తీయాలి, రెండు బీమ్‌ల మధ్య స్లాబ్‌కు నడిమి నుంచి పక్కలకు తీయాలి.

ఎన్ని రోజులకు విప్పాలంటే సైటుకో మాట చెబుతారు. మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుకు కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెప్పేది ఇది: పిల్లర్ పక్క పలకలు 16 నుంచి 24 గంటలు ఉండాలి. స్లాబ్ కింద జాకీలు, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపైతే 7 రోజులు, దాటితే 14. బీమ్ కింద అదే దూరం 6 మీటర్ల లోపు 14 రోజులు, దాటితే 21. పీపీసీ (బూడిద లాంటివి కలిపిన) సిమెంటైతే ఇంకా ఆగడం మంచిది. పలకల అద్దె పెరుగుతోందని ఐదో రోజే జాకీలు లాగేయించేవాళ్ళు ఉన్నారు. ఆ మాట ఎవరు చెప్పినా ఈ అంకెలు నోటికి వచ్చి ఉంటే ఎదురు చెప్పొచ్చు.

అపోహ: సర్టిఫికెట్ చేతికొస్తే కూలీ పెరుగుతుంది.

పెరగదు. చిన్న సైట్లలో దాన్ని అడిగేవాళ్ళే ఉండరు. పెద్ద కంపెనీల్లో చేరేటప్పుడు, విదేశాలకు వెళ్ళేటప్పుడు పనికొస్తుంది. ఇప్పటికే పని బాగా వచ్చినవాళ్ళు నెలల తరబడి కూర్చోనక్కర్లేదు, ఆర్‌పీఎల్ (ముందే వచ్చిన పనికి గుర్తింపు ఇచ్చే పథకం) కింద పరీక్ష రాసి, చేసి చూపించి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. హైదరాబాద్‌లో 1998లో పెట్టిన న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) లాంటి సంస్థలో చేరినా, ఐటీఐలో చేరినా ముందుగా అడగాల్సింది ఒకటే: రోజులో ఎన్ని గంటలు చేత్తో పని చేయిస్తారు, డ్రాయింగ్ చదవడం నేర్పుతారా?

అపోహ: గల్ఫ్ వెళ్ళాలంటే ఏజెంటుకు లక్షలు కట్టాలి.

లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగల సర్వీసు ఛార్జీ రూ. 30,000, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే లేచి వచ్చేయండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు కుటుంబాలకు నేను కొత్తగా చెప్పేదేం లేదు గానీ, ట్రేడ్ టెస్టులో (ఉద్యోగం ఇచ్చే ముందు పెట్టే పని పరీక్ష) డ్రాయింగ్ ఇచ్చి చేయమన్నప్పుడు తడబడి వెనక్కి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

అపోహ: మైవాన్ (అల్యూమినియం పలకల పద్ధతి) వచ్చాక సెంట్రింగ్ కార్పెంటర్‌కు పనిలేదు.

రంపం పని తగ్గింది. అల్యూమినియం పలకలకు నంబర్లుంటాయి, పిన్ను పెట్టి వెడ్జ్ కొడితే బిగుస్తాయి. కానీ గోడలు, స్లాబ్ ఒకేసారి పోస్తారు కాబట్టి కింది అంతస్తులో గోడ నిలువు కొంచెం తప్పినా పైకి పోయేకొద్దీ తలనొప్పే, తర్వాత ప్లాస్టరింగ్‌తో కప్పిపుచ్చే వీలూ ఉండదు. మైవాన్ సైట్లలో ఫోర్‌మన్‌లు వెతికేది గుండు, మట్టం పట్టి చూడగలిగినవాళ్ళనే.