మందుల షాపు కౌంటర్ దగ్గర చట్టానికి కనపడని మనిషి

రెండు నెలల క్రితం అమ్మకి బీపీ బిళ్ళలు తేవడానికి మా వీధి చివరి మెడికల్ షాపుకి వెళ్ళాను. చీటీ అందుకున్న కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. అరలోంచి షీటు తీసి, ఐదు బిళ్ళలు లెక్కపెట్టి, కత్తెరతో చకచకా కత్తిరించి కవర్లో వేశాడు. ఇంటికొచ్చి చూస్తే డాక్టరు 2.5 ఎంజీ రాసినచోట 5 ఎంజీ ఉంది. గడువు తేదీ చూద్దామంటే అసలు లేదు. అప్పటికే ఎవరికో కోసివ్వగా మిగిలిన షీటు అది. తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న అంచు ముందే వెళ్ళిపోయింది.

తిరిగి తీసుకెళ్తే కుర్రాడి మొహం పాలిపోయింది. "చూస్కోలేదు మేడమ్" అంటూ వెంటనే మార్చి ఇచ్చాడు. అతని వెనక గోడకి ఫ్రేము కట్టిన ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఉంది. అందులో ఫొటో ఉన్న వ్యక్తిని నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆ షాపులో చూడలేదు. కుర్రాడి మీద నాకు కోపం రాలేదు. షీటు ఏ వైపు నుంచి కోయాలో కూడా అతనికి ఎవరూ నేర్పలేదు. ఎందుకు నేర్పలేదో తెలియాలంటే దాదాపు వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పట్లో మందు షీట్లలో వచ్చేది కాదు. డాక్టరు రాసిన మిక్స్చర్‌ని కాంపౌండర్ కలిపి, మనం ఇంటినుంచి తీసుకెళ్ళిన సీసాలోనే పోసి ఇచ్చేవాడు. మోతాదు తెలియడానికి కాగితం పట్టీని గాట్లు పెట్టినట్టు కత్తిరించి సీసాకి అంటించేవాడు. ఒక గాటు ఒక పూట మందు. చదువు రాని ముసలమ్మ కూడా వేలు పెట్టి కొలుచుకునేది. ఆ పట్టీ సరిగ్గా కత్తిరించడం కాంపౌండర్ పనితనం. అయితే అతని చదువేంటని అడిగే చట్టం దేశమంతటికీ వర్తించేది ఒక్కటీ లేదు. డాక్టరు దగ్గర కొన్నేళ్ళు పనిచేస్తే కాంపౌండర్ అయిపోయినట్టే.

ఇంకోపక్క మార్కెట్ నిండా నాసిరకం మందులు. మలేరియాకి వాడే క్వినైన్ కూడా కల్తీ అవుతోందని గోల పెరిగాక, బ్రిటిష్ ప్రభుత్వం 1930లో కర్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన కమిటీ వేసింది. మరుసటి ఏడాది వచ్చిన నివేదిక మందు నాణ్యతకీ, మందు ఇచ్చే మనిషి అర్హతకీ కూడా చట్టం కావాలంది. చట్టాలు మాత్రం విడివిడిగా వచ్చాయి. మందుల చట్టం 1940లో వస్తే, మనిషి గురించిన ఫార్మసీ చట్టం 1948 మార్చి 4న వచ్చింది. అప్పటికి ఆంధ్ర జిల్లాలు మద్రాసు ప్రావిన్సులో ఉన్నాయి, హైదరాబాద్ సంస్థానం ఇంకా భారత్‌లో కలవలేదు. ఈ ఎనిమిదేళ్ళ ఎడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం. మనకి మందు మీద ఉన్న శ్రద్ధ, మందు ఇచ్చే చేతి మీద మొదటినుంచీ లేదు.

1948 చట్టం ముందు పెద్ద చిక్కు ఉంది. చదువుకున్న ఫార్మసిస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ మహాదేవ లాల్ ష్రాఫ్ 1930లలో మొదలుపెట్టిన ఫార్మసీ చదువు అప్పుడప్పుడే వేళ్ళూనుకుంటోంది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ విభాగం 1951లో గానీ రాలేదు. అందుకని చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. మొదటి రిజిస్టరు తయారుచేసేటప్పుడు, మందులు కలిపి ఇచ్చే పనిలో ఐదేళ్ళు తగ్గకుండా ఉన్నవాళ్ళనీ అందులో చేర్చుకోమంది. ఆ రోజుకి అదే సరైన పని. అనుభవం ఉన్న కాంపౌండర్లని ఒక్కసారిగా రోడ్డున పడేయకూడదు కదా.

తర్వాత జరిగిందే బాధ కలిగిస్తుంది. డాక్టరు చీటీ మీద మందు కలపడం, ఇవ్వడం రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప ఇంకెవరూ చేయకూడదని చట్టంలోని 42వ సెక్షన్ చెప్తుంది. డాక్టరు తన సొంత రోగులకి ఇచ్చుకోవచ్చు, అదొక మినహాయింపు. అయితే ఈ సెక్షన్ ఎప్పటినుంచి అమలవుతుందో తేదీ ప్రకటించే పని రాష్ట్రాలకి వదిలేశారు. చివరికి 1976లో చట్టాన్ని సవరించి, రాష్ట్రాలు తేదీ ప్రకటించకపోయినా కొన్నేళ్ళు పూర్తవగానే ఇది దానంతటదే అమల్లోకి వస్తుందన్నారు. అలా తేదీ ప్రకటించని రాష్ట్రాలకీ వర్తించిన రోజు 1984 సెప్టెంబరు 1. చట్టం పుట్టిన 36 ఏళ్ళకి! అతిక్రమిస్తే అప్పట్లో చట్టంలో రాసుకున్న శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రూపాయి విలువ ఎంత పడిపోయినా ఆ వెయ్యి చాలాకాలం వెయ్యిగానే ఉండిపోయింది.

ఇక్కడే అసలు సందు ఉంది. మందుల చట్టం కింద 1945లో వచ్చిన నిబంధనల్లో 65వది కూడా చీటీ మందుల గురించే. అందులో మాట కొంచెం వేరు. రిజిస్టరైన ఫార్మసిస్టు ఇవ్వాలి, లేదా అతని సొంత పర్యవేక్షణలో ఇవ్వాలి అని ఉంది. ఒక చట్టం "అతనే ఇవ్వాలి" అంటే, ఇంకో చట్టం కింది నిబంధన "అతను దగ్గరుండి చూసినా చాలు" అంటోంది. మా వీధి చివరి కుర్రాడు నిలబడ్డది సరిగ్గా ఈ రెండు మాటల మధ్య. పర్యవేక్షణలో పనిచేసే ఆ మనిషి ఎవరు, ఎంత చదవాలి, ఏం నేర్చుకోవాలి, ఏ పని చేయొచ్చు, ఏది ముట్టుకోకూడదు అని రెండు చట్టాల్లో ఏదీ చెప్పలేదు. అతని ఉద్యోగానికి పేరు కూడా పెట్టలేదు.

ఆ సందులోనే సర్టిఫికెట్ అద్దె వ్యాపారం పెరిగింది. మందులు అమ్మేవాళ్ళకీ, డీఫార్మసీ చదివే పిల్లలకీ ఇది తెలియని సంగతి కాదు. నెలకింత అని మాట్లాడుకుని సర్టిఫికెట్ ఒక ఊళ్ళో గోడకి తగిలిస్తారు, మనిషి ఇంకో ఊళ్ళో ఇంకో ఉద్యోగం చేసుకుంటాడు. పర్యవేక్షించాల్సినవాడే లేనప్పుడు పర్యవేక్షణ ఎక్కడినుంచి వస్తుంది?

ఇంత జరుగుతున్నా, కౌంటర్ దగ్గర చేసే పని ఏటికేడు బరువెక్కుతూనే వచ్చింది. నిబంధనల్లో షెడ్యూల్ హెచ్ అనే జాబితాలో ఉన్న మందులు చీటీ లేకుండా ఇవ్వకూడదు. షెడ్యూల్ ఎక్స్ జాబితాలోని మందులకి చీటీ రెండు ప్రతులు ఉండాలి, ఒకటి షాపులో రెండేళ్ళు దాచాలి. యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడేస్తున్నారన్న భయంతో 2014 మార్చి 1 నుంచి 46 మందులతో షెడ్యూల్ హెచ్1 తెచ్చారు. డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారు అన్నీ విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. సాయంత్రం ఏడింటికి పదిమంది చీటీలు చాపి నిలబడితే ఆ రిజిస్టరు రాయాల్సింది ఎవరు? ఆ కుర్రాడే.

నీతి నియమావళి సంగతీ ఇంతే. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రాసిన పాత నియమావళిలో ఒక మాట నాకు చాలా ఇష్టం. చీటీ అందుకున్నప్పుడు దాని మంచిచెడ్డల మీద వ్యాఖ్యానించకూడదు, మొహంలో ఆశ్చర్యం గానీ కంగారు గానీ కనపడనివ్వకూడదు అంటుంది. రోగికి డాక్టరు మీదున్న నమ్మకం చెదరకూడదని ఆ జాగ్రత్త. డాక్టరు ఒప్పుకోకుండా చీటీలోది మార్చకూడదు, తగ్గించకూడదు అని కూడా ఉంది. ఎంత మర్యాద తెలిసిన మాటలు ఇవి! కానీ రాసింది ఫార్మసిస్టుకి. "ఆ కంపెనీది లేదండీ, ఇదీ అదే" అని రోజుకి వందసార్లు చెప్పే మనిషి ఈ మాటలు ఒక్కసారీ విని ఉండడు.

అమెరికాలో ఈ సహాయకుడి ఉద్యోగానికి ఫార్మసీ టెక్నీషియన్ అని పేరుంది. పేరుంటే చాలదని ఒహాయో రాష్ట్రం ఒక బిడ్డ ప్రాణం పోయాక తెలుసుకుంది. 2006లో క్లీవ్‌లాండ్‌లో ఎమిలీ జెర్రీ అనే రెండేళ్ళ పాపకి కీమో మందు కలుపుతూ, ఒక శాతం లోపు ఉండాల్సిన ఉప్పుద్రావణం బదులు 23 శాతం పైగా ఉన్నది వాడింది ఒక టెక్నీషియన్. సరిచూడాల్సిన ఫార్మసిస్టు సరే అని పంపేశాడు. పాప చనిపోయింది. ఫార్మసిస్టు ఆరు నెలల జైలుకి వెళ్ళాడు. అప్పటికి ఒహాయోలో టెక్నీషియన్‌కి లైసెన్సు గానీ, పరీక్ష గానీ ఉండాలన్న చట్టమే లేదు. 2009లో ఆ పాప పేరుతో వచ్చిన చట్టం పరీక్షనీ, నేరచరిత్ర తనిఖీనీ తప్పనిసరి చేసింది.

మన దగ్గర 2015 జనవరిలో ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు వచ్చాయి. ఫార్మసిస్టు తెల్లకోటు వేసుకోవాలి, పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న బ్యాడ్జి పెట్టుకోవాలి, మందు ఎలా వాడాలో రోగికి చెప్పాలి. అన్నీ మంచివే. వాటిలోనూ సహాయకుడి శిక్షణ గురించి మాట లేదు. 2022 నవంబరులో బిహార్ కేసు ఒకటి సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఆస్పత్రులూ, మందుల షాపులూ నకిలీ ఫార్మసిస్టుల చేతుల్లో నడవకుండా చూసే బాధ్యత ప్రభుత్వానిదీ, ఫార్మసీ కౌన్సిల్‌దీ అని, జనం ఆరోగ్యంతో, ప్రాణాలతో ఆడుకోనివ్వమని కోర్టు గట్టిగానే చెప్పింది. నకిలీలని ఏరేయాల్సిందే. ఏరేశాక కూడా కౌంటర్ దగ్గర ఒక్క ఫార్మసిస్టే అన్నీ చేయలేడు, పక్కన ఒక సహాయకుడు ఉంటాడు. అతనికి ఆరు నెలల శిక్షణ, ఒక పరీక్ష, చట్టంలో ఒక పేరు ఇవ్వడానికి ఇంకా ఎన్నేళ్ళు కావాలి?

పోయిన నెల అమ్మ బిళ్ళల కోసం మళ్ళీ వెళ్ళాను. కుర్రాడు షీటు తిప్పి, తేదీ ఉన్న అంచుని తనవైపు పెట్టుకుని, రెండోవైపు నుంచి కోశాడు. చీటీ పక్కన పెట్టి 2.5 అన్న అంకె మీద వేలుపెట్టి చూపించాడు. గడువు తేదీ పైకి చదివాడు. ఇదంతా ఎవరు నేర్పారని అడిగాను.

"మీరే కదా మేడమ్, ఆ రోజు చెప్పింది" అన్నాడు.